తండ్రి నింపవలసిన పేజీ

ఆస్పత్రి నేలమాళిగలో బట్టలు ఉతికే విభాగం ఉంది. పై అంతస్తుల్లో మనుషులకు ఏం జరిగినా దాని మరక చివరికి గుడ్డసంచిలో మూటకట్టుకుని అక్కడికే దిగుతుంది. ఉతికే యంత్రాలు నాలుగు, ఆరబెట్టేవి మూడు, వాటి అవతల గది పొడవునా వేడి రోలరు. ఇటునుంచి తడి దుప్పటి అందిస్తే అటునుంచి పలకలా పొడిగా బయటికొస్తుంది. ఆ రోలరు దగ్గర పద్నాలుగేళ్ళుగా నిలబడి పనిచేస్తున్న మనిషి కథ ఇది.

అసలు పేరు హాజరు పుస్తకంలో ఉంటే ఉండవచ్చు, అక్కడ అందరూ ఆమెను పిలిచేది విరుపక్క అని. ఏ మాట విన్నా ముందు పెదవి విరిచి తర్వాతే జవాబు చెబుతుంది. కొత్త సూపర్‌వైజరు వచ్చిన రోజు అందరినీ నిలబెట్టి, ఇకనుంచి మనమంతా ఒకే కుటుంబం అని ఉపన్యాసమిచ్చాడు. "కుటుంబమైతే మరీ భయం సార్," అంది ఆమె. అందరూ నవ్వారు. ఆమె నవ్వలేదు, ఎందుకంటే అది హాస్యం కాదు.

రోలరు పనితో ఆమెకు ఒక చూపు అలవడింది. దుప్పటి రెండు కొసలూ పట్టి ఎత్తగానే కన్ను నేరుగా మరక మీదికి పోతుంది. మంచి గుడ్డ ఎంత మిగిలిందన్నది ఆమె చూడదు. మనుషుల విషయంలోనూ అంతే. నూటికి తొంభై పాళ్ళు ఆమె అంచనా తప్పేది కాదు కాబట్టి ఆ అలవాటు మానుకోవలసిన అవసరం రాలేదు.

ఆమె భర్తను ఆ విభాగంలో ఎవరూ చూడలేదు. అయినా ఆయనకూ ఒక పేరుంది. "ఏముందమ్మా, పైన పటారం, లోన లొటారం," అని ఆమె ఒకసారి అన్న మాటలోంచి "పటారం" మిగిలి స్థిరపడిపోయింది.

కూతురికి ఏడేళ్ళప్పుడు పటారం ఇల్లు వదిలిపోయాడు. ఇంకో ఆడమనిషి కోసం పోయినా కారణమంటూ ఒకటి ఉండేది. ఆయన పోయింది స్థాయి కోసం. ఈ ఇరుకు గదులూ, భార్య చేతులకు అంటుకున్న ఈ సబ్బు వాసనా తన స్థాయికి తగవని చెప్పి, తగిన ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళి, ఊరికి అవతలి కొసన ఓ పాత మేడమీద ఒంటి గదిలో ఆగాడు. సోఫాలమ్మే కొట్లో అమ్మకాల పని. కోటు వేసుకుని గుమ్మంలో నిలబడి దాన్ని "మా షోరూము" అంటాడు. తినడానికి తిండి లేకపోయినా మీసాలకు సంపెంగ నూనె ఉండి తీరవలసిన జాతి.

మొదటి మూడేళ్ళలో ఆమె బడి ఫీజు కోసం రెండుసార్లు వెళ్ళి అడిగింది. రెండోసారి ఆయన కోటు జేబులోంచి జీతం చీటీ తీసి, "చూడు, ఇందులో నేను తినేదెంత, నీకిచ్చేదెంత?" అన్నాడు. ఆ అంకె ఆమె జీతం కంటే తక్కువ. ఆమె చీటీ మొత్తం చదివి, మడిచి, తన చేత్తోనే ఆయన జేబులో పెట్టి వచ్చేసింది. మళ్ళీ అడగలేదు. అప్పటినుంచి ఆ ఇంట్లోకి ఆయన తరఫున వచ్చింది ఏటా ఒక కేలండరు. దానిమీద సోఫా బొమ్మ.

కూతురు మాత్రం బాగా చదువుకుంది. కళ్ళు పరీక్షచేసి అద్దాల నంబరు రాసే కోర్సు, నాలుగేళ్ళది, ఊళ్ళోనే ఉన్న కాలేజీలో సీటు తెచ్చుకుంది. ఏడాది ఫీజు చూస్తే తల్లి పదమూడు నెలల జీతం. "ఏడాదికి నెలలు పన్నెండేనని ఆ కాలేజీ వాళ్ళకి ఎవరైనా చెప్పారా?" అని అడిగింది విరుపక్క. పూర్తి ఫీజు ఎవరూ కట్టరనీ, ఆర్థిక సాయం కోసం దరఖాస్తు పెట్టుకుంటే వాళ్ళే తగ్గిస్తారనీ బళ్ళో టీచరు చెప్పిందట. తల్లీకూతుళ్ళు ఒక ఉదయం పని మానుకుని కాలేజీకి వెళ్ళారు.

ఆర్థిక సహాయ విభాగంలో ఒక కౌంటరు, కౌంటరు వెనక ఒక గుమస్తా. ఏ ప్రశ్న అడిగినా పేజీ నంబరు చెప్పి సరిపెట్టే రకం. సాయం మూడు రకాలని అప్పజెప్పాడు. ఫీజు మాఫీ అంటే కాలేజీ వదులుకునేది, స్కాలర్‌షిప్పు అంటే చేతికిచ్చి తిరిగి అడగనిది, రుణం అంటే చదువయ్యాక వడ్డీతో కట్టేది. ఏది ఎంత వస్తుందన్నది కుటుంబ ఆదాయాన్ని బట్టి. దరఖాస్తు పదహారు పేజీలు. నిబంధనల పుస్తకం ఏదైనా ఉందా అని విరుపక్క అడిగితే ఆయన చుట్టూ చూశాడు. ఆ పుస్తకాల కట్ట గాలికి తలుపు కొట్టుకోకుండా కింద అడ్డంపెట్టి ఉంది. ఆమే వంగి అందులోంచి ఒకటి లాక్కుంది. అడ్డు జారి తలుపు ధడేల్‌మంది. గుమస్తా అదేదో ఆమె తప్పన్నట్టు చూశాడు.

తొమ్మిదో పేజీ తండ్రిది. ఆయన ఉద్యోగం, ఆదాయం, ఆస్తులు ఆయనే తన చేత్తో రాసి, సంతకం పెట్టి, కవరులో అంటించి ఇవ్వాలి. తండ్రి తమతో ఉండడని ఆమె చెప్పింది.

"విడాకులయ్యాయా?"

"లేదు."

"అయితే ఉన్నట్టే లెక్కమ్మా."

"పదకొండేళ్ళుగా మా ఇంట్లో ఏ మూల ఉన్నాడో కాస్త చెబుదురూ, వెళ్ళి ఊడుస్తాను," అంది ఆమె. గుమస్తా తొమ్మిదో పేజీ చూడమన్నాడు.

అలా ఎనిమిదేళ్ళ తర్వాత ఆమె మళ్ళీ సోఫాల కొట్టుకు వెళ్ళింది. పటారం ఆమెను లోపలి వరుసలో ఒక తోలు సోఫా మీద కూర్చోబెట్టి, ఎదురుగా కాలుమీద కాలేసుకుని, యజమాని లేడు గనక, టీ తెమ్మని ఎవరినో కేకేశాడు. ఎవరూ తేలేదు. కూతురికి సీటొచ్చిన సంగతి విని కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. ఆ నీళ్ళు నిజమైనవేనని ఆమె కూడా ఒప్పుకుంటుంది. కానీ మరుక్షణమే పక్క వరుసలో సోఫా చూస్తున్న దంపతులకు వినబడేలా, "మా అమ్మాయి కంటి డాక్టరు కాబోతోంది," అన్నాడు.

"డాక్టరు కాదు. ఈ పేజీ నింపి సంతకం పెట్టండి చాలు," అంది ఆమె. ఆయన్ని ఇప్పటికీ "మీరు" అనే అంటుంది. ఆ మాటతోనే మనిషిని ఎంత తక్కువ చేయవచ్చో ఆమె నోట వినాలి.

ఆయన పెన్ను తీసి, పేజీని చేయి చాచినంత దూరం పెట్టుకుని, ఒకటికి రెండుసార్లు ఆలోచించి మరీ నింపాడు. నాలుకతో తడిపి కవరు అంటించాడు. ఏం రాశాడో ఆమె అడగలేదు. ఆయన జీతం చీటీ ఆమె చూసే ఉంది కదా, అడిగేదేముంది?

నెల తర్వాత కాలేజీ నుంచి ఉత్తరం వచ్చింది. పైన పెద్ద అక్షరాలతో, మీకు సాయం మంజూరైనట్టు సంతోషంతో తెలియజేస్తున్నాం అని ఉంది. కింద రాసిన మొత్తం ఏడాది ఫీజుకు సరిగ్గా సరిపోయింది. కూతురు చదివి గెంతినంత పని చేసింది. తల్లి చేతులు తుడుచుకుని, ఉత్తరం అందుకుని, దుప్పటి ఎత్తినట్టే ఎత్తి చూసింది. రెండో కాగితం అడుగున చీమ తలకాయంత అక్షరాల్లో అసలు సంగతి ఉంది. ఫీజు మాఫీ లేదు, స్కాలర్‌షిప్పు లేదు, మొత్తం రుణమే. వడ్డీ శాతం పక్కనే ఉంది. కుట్టుమిషను వాయిదాల మీద కొన్న మనిషి కాబట్టి ఆమెకు ఆ లెక్క తెలుసు. నాలుగేళ్ళ చదువుకు పద్నాలుగేళ్ళు కట్టాలి.

"అప్పిస్తూ దాన్ని సాయమంటున్నారంటే వీళ్ళు చదువుకున్నవాళ్ళే," అంది.

మర్నాడు కౌంటరు దగ్గర గుమస్తా, మీ కుటుంబ ఆదాయానికి అంతకంటే రాదన్నాడు. ఏ ఆదాయమని ఆమె అడిగింది. తండ్రి కవరులోది చూపించకూడదంటూనే, వదిలించుకునే తొందరలో కాగితం ఆమె వైపు సగం తిప్పాడు. ఆ సగం చాలు. వృత్తి దగ్గర ఫర్నిచర్ వ్యాపారం, భాగస్వామి అని ఉంది. నెలసరి ఆదాయం దగ్గర ఉన్న అంకె, ఆమె ఆర్నెల్ల జీతం.

విరుపక్క నవ్వింది. ఆస్పత్రిలో పద్నాలుగేళ్ళుగా ఎవరూ వినని నవ్వు అది. గుమస్తా భయపడి కుర్చీ వెనక్కి జరుపుకున్నాడు. ఇది అబద్ధమని ఆమె చెబితే, తండ్రి సంతకం పెట్టి రాసిందాన్ని తల్లి మాటమీద కొట్టెయ్యలేమనీ, ఆయనే వచ్చి దిద్దుకోవాలనీ, లేదా జీతం చీటీ జతచేయాలనీ, గడువు నెలాఖరనీ చెప్పాడు.

ఆమె అట్నించటే కొట్టుకు వెళ్ళింది. ఈసారి నిలబడే మాట్లాడింది. పటారానికి అందులో తప్పేమీ కనబడలేదు. ఆ కాలేజీలో పెద్ద మేనేజరు తమ దగ్గరే సోఫా కొన్నాడనీ, తాను భాగస్వామినని ఆయనకు చెప్పి ఉన్నాననీ అన్నాడు.

"ఇప్పుడు నేను వెళ్ళి ఏమని రాయను?"

"నిజం."

"నిజం నీకు ఎప్పుడో చెప్పాను కదా. ఊరందరికీ చెప్పాలా?"

ఆమె ముందు బీదవాడు కావడానికి ఆయనకు సిగ్గు లేదు. అడిగితే లేనివాడు, రాస్తే ఉన్నవాడు. ఆమె ఆయన్ని చూస్తూ నిలబడింది. ఆ చూపు భరించలేకనేమో, ఆయన కోటు సర్దుకుని, అసలీ దరఖాస్తుల గోల ఎందుకు, ఫీజు తానే కడతాననీ, సోమవారం కాలేజీకి వచ్చి కడతానని అమ్మాయికి చెప్పమనీ అన్నాడు.

ఆమె చెప్పింది. చెప్పిన తీరుకే కూతురికి ఒళ్ళు మండింది. "నువ్వు అందరినీ మరకపడ్డ దుప్పట్లలాగే చూస్తావమ్మా. నాన్న ఒక్కసారి ఏదో చేస్తానంటే చెయ్యనీయవా?" అంది. విరుపక్క చేయనిచ్చింది. మొదటి సోమవారం ఆయనకు ఒంట్లో బాగాలేదు. రెండో సోమవారం యజమాని ఊళ్ళో లేడు. మూడో సోమవారం కూతురు కౌంటరు తెరవకముందే వెళ్ళి, ఎదురుబెంచీ మీద కూర్చుని, కౌంటరు అద్దం దించి మూసేదాకా ఉంది. గుమస్తా కూడా మధ్యలో ఒకసారి మంచినీళ్ళిచ్చాడట. సాయంత్రం ఇంటికొచ్చి చెప్పులు విప్పకుండా గుమ్మంలోనే కూర్చుంది.

అప్పుడు తల్లి అనకూడని మాట అంది. "దిగులెందుకు? సోమవారం వారం వారం వస్తుంది."

ఆ పిల్ల ఆ పూట అన్నం ముట్టలేదు. తల్లి గిన్నెలు సర్దింది, సారీ చెప్పలేదు. అలాంటి మాటలు ఆమెకు రావు.

గడువుకు పది రోజులుంది. కాలేజీ గేటు పక్కన దరఖాస్తులు నింపిపెట్టే దుకాణం ఉంది. దుకాణదారు సంగతంతా విని, గొంతు తగ్గించి, తండ్రి పోయాడని రాస్తే సగం పేజీలు నింపక్కర్లేదనీ, మరణ ధ్రువపత్రం తాను సంపాదించి పెడతాననీ చెప్పి, ఖరీదు కూడా చెప్పాడు. "ఆ మనిషిని చంపడానికి అంత ఖర్చు దండగ," అని ఆమె వచ్చేసింది. ఇంటికి నడిచి వస్తూ మాత్రం ఆ ఖరీదు రెండుసార్లు లెక్కేసుకుంది. రెండు రోజులు అదే ఆలోచించింది కూడా. వెనక్కి లాగింది నీతి కాదని ఆమే చెబుతుంది. ఆ దుకాణదారు గోళ్ళు. అంత మురికి గోళ్ళవాడు రాసిన కాగితం మీద కూతురి పేరుండడం ఆమెకు నచ్చలేదు.

మిగిలింది నిబంధనల పుస్తకం. ఇంట్లో మొదలుపెడితే కూతురి మౌనం అడ్డొచ్చింది. అందుకని మధ్యాహ్నం విరామంలో మడతల బల్ల మీద పెట్టుకుని, వేలితో వరుస పట్టుకుని చదివింది. నలభై పేజీలకు నాలుగు మధ్యాహ్నాలు పట్టింది. అర్థం కాకూడదని పనిగట్టుకుని రాసిన పుస్తకం అది. "ఒకవేళ కానిచో తప్ప" లాంటి మాటలు పేజీకి నాలుగున్నాయి. సంచుల్లోంచి మరకల బట్టలు ఏరేదానికి ఇదేం లెక్క అని ఆమె వదల్లేదు. నాలుగో రోజు ముప్పై మూడో పేజీలో ఇరవై ఏడో నిబంధన దొరికింది. తల్లిదండ్రుల్లో ఒకరు విడిగా ఉంటూ, మూడేళ్ళకు తగ్గకుండా విద్యార్థి పోషణకు ఏమీ ఇవ్వలేదని రుజువైతే, ఆ ఒకరి ఆదాయాన్ని లెక్కలోంచి తీసేయవచ్చు. బంధువులు కాని ఇద్దరి వాంగ్మూలం కావాలి. ఆపైన అధికారి ముందు తల్లిదండ్రులిద్దరూ హాజరు కావాలి.

ఆమె ఆ పేజీ తెరిచిపట్టుకుని కౌంటరు దగ్గరికి వెళ్ళింది. ఆ నిబంధన చాలా అరుదుగా వాడతామన్నాడు గుమస్తా.

"రాసి ఉందా లేదా?"

"ఉందనుకోండి."

"మొదటి రోజే నేను అడిగితే ఎందుకు చెప్పలేదు?"

ఆయన నిజాయితీగానే ఆలోచించి, "ఈ నిబంధన ఉందా అని మీరు అడగలేదమ్మా," అన్నాడు.

ఆమె ఆయన ముఖం వంక ఒక్క క్షణం చూసింది. ఉన్నదాన్ని ఉన్నదా అని అడగాలంటే ముందు అది ఉందని తెలిసి ఉండాలన్న సంగతి ఆ తలకు ఎప్పటికీ ఎక్కదని తేల్చుకుని, దరఖాస్తు కాగితం అడిగి తీసుకుంది. ఇంటి యజమానురాలు ఒక వాంగ్మూలం రాసింది. పదకొండేళ్ళలో ఈ గుమ్మంలో ఆ మగమనిషి నీడ చూడలేదని, అద్దె ప్రతి నెలా ఆమె చేతినుంచే అందుకున్నానని. రెండోది సూపర్‌వైజరు రాశాడు. ఒకే కుటుంబమన్న మాట నిలబెట్టుకున్నాడనే చెప్పాలి. ఆమెకు మాత్రం ఆ మాట ఒప్పుకోవడం కష్టమైంది.

గడువుకు రెండు రోజుల ముందు అధికారి ముగ్గురినీ పిలిపించింది. దరఖాస్తు కూతురి పేరుమీద ఉంది గనక కూతురూ రావాలట. చిన్న గది, ఒక బల్ల, గోడ పొడవునా ఫైళ్ళ బీరువాలు. అధికారి యాభై దాటిన మనిషి, తల ఎత్తకుండా మాట్లాడుతుంది. పటారం కోటు ఇస్త్రీ చేయించుకుని వచ్చాడు. మడత తప్పు చోట పడిందని విరుపక్క చూడగానే కనిపెట్టింది. ఆయన కూర్చుంటూ, ఈ కుర్చీలు ఎక్కడ కొన్నారని అధికారిని అడిగాడు. ఆమె ఫైలు తెరిచింది.

తండ్రి రాసిన తొమ్మిదో పేజీ ఒకవైపు, తల్లి పెట్టిన దరఖాస్తు ఒకవైపు పెట్టుకుని, అధికారి ఆయన్ని అడిగింది. "ఈ ఆదాయం మీదేనా?"

"నాదేనండి."

"ఇంత వస్తున్నప్పుడు అమ్మాయికి మీరిచ్చింది ఉండాలి. రసీదులుంటే పెట్టండి. ఇంత రావడం లేదంటే జీతం చీటీ పెట్టండి. రెండిట్లో ఏదైనా నాకు చాలు."

పటారం చేయి కోటు లోపలి జేబు దగ్గరికి వెళ్ళి ఆగింది. జీతం చీటీలు అక్కడే పెట్టుకుంటాడని విరుపక్కకు తెలుసు. ఒక కాగితం తీసి బల్లమీద పెడితే అయిపోయే పని. ఆయన కూతురి వంక చూశాడు. కూతురు కూడా ఆయన జేబు వంకే చూస్తోంది. చేయి కిందికి దిగింది.

"ఆదాయం సరిగ్గానే రాశానండి," అన్నాడు. "ఇవ్వలేదు, అంతే."

అధికారి మొదటిసారి తలెత్తింది. "ఉండి కూడా ఇవ్వలేదా?"

"ఇవ్వాలనిపించలేదు."

లేనివాడు అనిపించుకోవడం కంటే కసాయివాడు అనిపించుకోవడమే ఆ మనిషికి మర్యాదగా తోచింది. కన్నకూతురి ఎదుట, గొంతు తడబడకుండా, చక్కగా కూర్చుని చెప్పాడు. అధికారి ఆ మాటలే రాసి సంతకం పెట్టమంది. ఎంత చోటిచ్చిందో అంత చోటూ నింపి, చివర ఒక మెలిక తిప్పి మరీ పెట్టాడు.

బయట వరండాలో ఆయన కూతురి భుజం మీద చేయి వేసి, "నీ పని అయిపోయిందిగా తల్లీ, నాకంతే చాలు," అన్నాడు. ఏదో త్యాగం చేసినవాడి ముఖం పెట్టుకుని మెట్లు దిగి వెళ్ళిపోయాడు. ఆ నిమిషాన విరుపక్కకు ఆయనమీద కలిగినంత అసహ్యం ఇల్లు వదిలిపోయిన రోజు కూడా కలగలేదు. ఇవ్వనందుకు కాదు. ఇవ్వకపోవడాన్ని కూడా ఒక కానుకలా చేతిలో పెట్టి పోయినందుకు.

బస్సులో సగం దూరం వచ్చాక కూతురు, కిటికీలోంచి చూస్తూనే, "మనకోసమే అలా అన్నాడేమో అమ్మా. అలా అంటేనే మన పని అవుతుందని," అంది.

విరుపక్క దగ్గర జవాబు సిద్ధంగా ఉంది. చాలాసేపు ఆపుకుంది కూడా. కానీ అబద్ధాల వల్లే ఇంతదూరం వచ్చింది కాబట్టి చివరికి చెప్పేసింది. "చీటీ చూపించినా పని అయ్యేది తల్లీ. ఆవిడ రెండూ చెప్పింది కదా."

కూతురు తలూపింది. గెలిచి ఇంటికి పోతున్న తల్లికి ఆ ప్రయాణంలో గెలిచినట్టు ఏమీ అనిపించలేదు. పక్కన కూర్చున్న పిల్ల చేయి పట్టుకుందామనుకుని, సబ్బుకు గరుకెక్కిన తన చేయి చూసుకుని, ఒళ్ళోని ఫైలు గట్టిగా పట్టుకుంది.

కొత్త ఉత్తరంలో ఫీజు ముప్పాతిక మాఫీ అయింది. పుస్తకాలకు కొంత స్కాలర్‌షిప్పు వచ్చింది. మిగిలిన పాతికకు రుణం ఇస్తామన్నారు, ఇష్టమైతేనే తీసుకోవచ్చన్నారు. తల్లి ఆ గడిలో వద్దని రాయించి, ఆదివారాలు కూడా పనికి వెళ్ళడం మొదలుపెట్టింది. కూతురు చదువులో చేరింది. ఏడాదికోసారి మళ్ళీ పదహారు పేజీలూ నింపాలి. ఇప్పుడు కూతురే నింపుకుంటుంది. తొమ్మిదో పేజీ మీద అడ్డంగా ఒక గీత గీసి, పక్కన నిబంధన సంఖ్య వేస్తుంది.

ఆ సంగతి ఉతికే విభాగంలో పాకింది. ఎవరి పిల్లలకు సీటొచ్చినా ఉత్తరాలు మడతల బల్ల దగ్గరికి వస్తాయి. విరుపక్క వాళ్ళకు ముందు తిట్లు పెడుతుంది. చదవకుండా సంతకం పెట్టిన వాళ్ళను, సాయమన్న మాట చూసి ఊళ్ళో చెప్పుకున్న వాళ్ళను, తెల్లకాగితం మీద నలుపు కనబడితే చాలు దణ్ణం పెట్టే వాళ్ళను ఏకిపారేస్తుంది. తర్వాత కళ్ళు చికిలించి చివరి వరుస దాకా చదివి, ఏది ఉచితమో, ఏది అప్పో, ఎక్కడ అడగాలో చెబుతుంది. కౌంటరు గుమస్తా కూడా అర్థం కావడం లేదన్న వాళ్ళను ఆస్పత్రి నేలమాళిగకు వెళ్ళమంటున్నాడని తెలిసిన రోజున ఆమె మండిపడింది. జీతం ఆయనకి, పని తనకా అంది.

కూతురు రెండో ఏడు చదువుతుండగా కాలేజీ వాళ్ళు సంతలో ఉచిత కంటి శిబిరం పెట్టారు. ఆ సాయంత్రం ఆమె ఇంటికొచ్చి, అన్నం తింటూ, వరుసలో నాన్న కూడా వచ్చాడని చెప్పింది. నెలకోసారి వెళ్ళి ఆయన్ని చూసి వస్తుందని తల్లికి తెలుసు, ఎప్పుడూ అడగలేదు. ఆయనకు దగ్గరి అక్షరాలు బొత్తిగా కనబడవట. ఎన్నేళ్ళుగానో కనబడటం లేదట. అద్దాలు పెట్టుకుంటే ముసలివాడైపోయాడంటారని పెట్టుకోలేదట. నంబరు రాసిచ్చాక ఫ్రేముల బల్ల దగ్గరికి వెళ్ళి, ఉచితంగా ఇచ్చేవి తోసేసి, అన్నిటికంటే ఖరీదైనది పెట్టుకుని అద్దంలో చూసుకుని, దాన్ని పక్కన పెట్టి ఉంచండి, సోమవారం వచ్చి తీసుకుంటానన్నాడట.

"ఏ సోమవారమో చెప్పలేదు," అంది కూతురు, పెదవి ఒక పక్కకు విరిచి. "మహారాజు కదా."

ఆ మాటకు విరుపక్క నవ్వుతుందని ఆ పిల్ల అనుకుని ఉంటుంది. ఆమె కంచం జరిపి కూతురి ముఖం వంకే చూసింది. ఆ గొంతు తనదే. ఆ ముఖం మీద ఆ విరుపు ఆమెకు ఏమీ బాగాలేదు.

"ఆయన్ని నువ్వు అలా అనకు," అంది.

"నువ్వంటావుగా."

"నేనంటాను. నేను పెళ్ళాన్ని. నాకు చాలా లెక్కలున్నాయి. నీకు ఆయన నాన్న." నీళ్ళ గ్లాసు కూతురి వైపు జరుపుతూ అడిగింది. "ఆ ఉచితంవి ఇంకా మిగిలున్నాయా? ఉంటే ఒక జత తెచ్చి ఆ కోటు జేబులో పడేసి రా. అడక్కు. అడిగితే వద్దంటాడు."